అలిగేవాళ్లు వేరు, అడిగేవాళ్లు వేరు

ఎన్నికలొచ్చాయంటే మన వార్తల్లో బుజ్జగింపు అనే మాటకు తీరిక ఉండదు. 2024లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నామినేషన్ల ఉపసంహరణకు ఏప్రిల్ 29 ఆఖరు రోజు. అలాంటి గడువు దగ్గరపడేకొద్దీ ప్రతి పార్టీలోనూ అదే తంతు. టికెట్ రాని నాయకుడు అలుగుతాడు. పెద్దాయన ఇంటికి పిలిపించుకుని భుజం మీద చెయ్యి వేస్తాడు. అధికారంలోకి వస్తే ఎమ్మెల్సీయో, కార్పొరేషన్ పదవో చూద్దామంటాడు. ఆ ఇచ్చేదానికి పేరు తాయిలం. అలక, బుజ్జగింపు, తాయిలం, మూడూ చంటిపిల్లలున్న ఇంట్లోంచి వచ్చిన మాటలే. ఇక్కడ అవి అతికినట్టు సరిపోతాయి, ఎందుకంటే టికెట్ ఎవరి హక్కూ కాదు. నా బాధంతా ఆ మాటలు ఇక్కడితో ఆగకపోవడం గురించే.

మా అక్క మనవరాలికి రెండేళ్లు. మొన్న పండక్కి వచ్చినప్పుడు వసారాలో పరుగెత్తుతూ బోర్లా పడింది. అక్క గబగబా ఎత్తుకుని, "ఈ నేలేనా నా బుజ్జిని కొట్టింది? ఉండు, దీని పని చెప్తా" అని అరచేత్తో నేల మీద రెండు దెబ్బలు వేసింది. పిల్ల ఏడుపు ఆపి నేల వంక చూసింది. తనూ వంగి ఒకటి వేసింది. నోట్లో పెట్టిన బెల్లం ముక్క చప్పరిస్తూ మళ్లీ పరుగు. బుజ్జగింపు అంటే అచ్చంగా ఇదే. దెబ్బ ఎందుకు తగిలిందో తేల్చక్కర్లేదు, ధ్యాస మళ్లితే చాలు. రెండేళ్ల పిల్ల విషయంలో అందులో తప్పేమీ లేదు, అది ప్రేమ.

తెలుగులో ఈ మాటలకు ఎత్తుపల్లాలున్నాయి. బుజ్జగించడం, లాలించడం, ఊరుకోబెట్టడం పైనుంచి కిందికి వచ్చేవి. బతిమాలడం, ప్రాధేయపడడం, ప్రసన్నం చేసుకోవడం కిందినుంచి పైకి వెళ్లేవి. కలెక్టరును రైతు బుజ్జగించాడని ఎవరూ అనరు. అంటే వినడానికే వింతగా ఉంటుంది. అనునయించడం అనేది ఇద్దరు సమానుల మధ్య, ముఖ్యంగా ఆలుమగల మధ్య బాగా కుదిరే మాట. సత్యభామ అలిగితే కృష్ణుడు చేసింది అనునయం. కాళ్ల మీద పడ్డాడు, తన్నించుకున్నాడు కూడా. పారిజాతం తెచ్చి ఇచ్చిన తర్వాతే ఆ కథ ముగిసింది.

కాబట్టి ఏ మాట వాడామన్నదాన్ని బట్టే ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది తేలిపోతుంది. ఇంగ్లీషు అపీజ్‌మెంట్‌కు 1938 మ్యూనిక్ ఒప్పందంతో చెడ్డపేరు అంటుకుంది. చెకోస్లొవేకియాలోని సుడెటెన్ ప్రాంతాన్ని హిట్లర్‌కు వదిలేసి యుద్ధం తప్పించామనుకున్నాయి బ్రిటన్, ఫ్రాన్స్. ఏడాది తిరగకుండానే యుద్ధం రానే వచ్చింది. అది బలవంతుడికి జడిసి చేసిన పని, మన భాషలో దాన్ని ప్రసన్నం చేసుకోవడం అనాలి. మనం దాన్నీ బుజ్జగింపే అన్నాం. హిందీ ఉపన్యాసాల్లోని తుష్టీకరణ్ కూడా తెలుగులోకి వచ్చేసరికి బుజ్జగింపు రాజకీయం అయింది. ఒక మతంవారికో కులంవారికో ఇచ్చిన పథకం తప్పా ఒప్పా అని ఎంతైనా వాదించుకోవచ్చు. కానీ బుజ్జగింపు అని పేరు పెట్టగానే వాదన అయిపోయినట్టే. వాళ్లు అడిగింది మారాం అని ముందే తీర్పు చెప్పేశాం.

ఇంకా బాధపెట్టేది జీతాల విషయం. ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు 2023 డిసెంబర్ 12న సమ్మెకు దిగి 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు. మధ్యలో వాళ్ల మీద ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెలను నిషేధించే చట్టం, కూడా ప్రయోగించారు. అప్పటికి కార్యకర్తకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. బుజ్జగింపు మాటల్లో దీన్ని మించింది నాకు కనబడలేదు. చేతికి ఇవ్వాల్సింది తగ్గించి, ఆ లోటును పేరులో పూడ్చారు. గ్యాస్ బండ కొనేటప్పుడు గౌరవం అక్కరకొస్తుందా? వాళ్లు గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి చేసిన పనికి దిగిపోయేటప్పుడు ఇచ్చే సొమ్ము, కావాలని కూడా అడిగారు. అంగన్‌వాడీలకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే చెప్పింది. అయినా ఇలాంటివి ఎప్పుడు ఒప్పుకున్నా మన శీర్షికల్లో అవి వరాలే అవుతాయి. వరాలు ఇచ్చేది దేవుళ్లు. బాకీ తీర్చినవాణ్ని దేవుణ్ని చేస్తే, బాకీ ఉన్న సంగతే మరుగున పడుతుంది.

మన ఇళ్లలో వాడే మాటల్లో నన్ను ఎక్కువ భయపెట్టేది సర్దిచెప్పడం. మా చిన్నప్పుడు మా వీధిలో ఒక అక్క భర్త కొట్టాడని పుట్టింటికి వచ్చేసింది. మోచేతి దగ్గర కమిలిన మచ్చ నాకిప్పటికీ గుర్తు. పెద్దలు కూర్చున్నారు, కాఫీలు తాగారు, "సర్దిచెప్పాం, పంపించాం" అని లేచారు. సర్దడం అంటే ఉన్నవాటిని అటూ ఇటూ జరిపి పెట్టడం, సామాను సర్దినట్టు. అక్కడ సర్దుకోవాల్సి వచ్చింది ఆమె ఒక్కతే. కొట్టినవాడితో ఎవరూ ఏమీ అనలేదు. గృహహింస చట్టం 2005లో వచ్చింది, మరుసటి ఏడాది నుంచి అమలవుతోంది. అదే ఇంట్లో ఉండే హక్కు, రక్షణ ఉత్తర్వు, భరణం, అన్నీ అందులో ఉన్నాయి. ఈ సంగతులేవీ చెప్పకుండా కౌన్సెలింగ్ ఇచ్చి పంపేశామన్న మాట ఇప్పటికీ వింటూనే ఉన్నాం. కౌన్సెలింగ్ మంచిదే. ఆమెకు ఉన్న దారులన్నీ చెప్పాక, ఆమే కోరుకుంటే ఇచ్చేది కౌన్సెలింగ్. లేకపోతే అది ఇంగ్లీషు పేరు పెట్టుకున్న సర్దిచెప్పడమే.

ఓదార్పు వీటన్నిటికీ దూరంగా నిలబడాల్సిన మాట. 2009 సెప్టెంబర్‌లో వైఎస్ రాజశేఖరరెడ్డి మరణం తర్వాత జగన్ చేపట్టిన యాత్రతో అది రాజకీయాల్లోకీ వచ్చింది. అయినా దానికి అసలు చోటు చావు జరిగిన ఇల్లే. అక్కడ పోయినదాన్ని ఎవరూ తెచ్చి ఇవ్వలేరు, అందుకే మనిషి వెళ్లి పక్కన కూర్చోవాలి. మన ఊళ్లలో దీనికి ఓదార్పు కన్నా పలకరింపు అన్న మాటే ఎక్కువ వాడుక. "ఒకసారి వెళ్లి పలకరించి రావాలి" అంటారు. వెళ్లి పలకరించాలి, అంతే. దుఃఖం తగ్గించే బాధ్యత ఎవరి మీదా పెట్టలేదు.

మా నాన్న పోయిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మధ్యాహ్నం ఎదురింటి పిన్నిగారు క్యారేజీలో అన్నం, చారు పట్టుకొచ్చారు. ఏడవొద్దని అనలేదు. ధైర్యంగా ఉండమని కూడా అనలేదు. అమ్మ పక్కన చాప మీద కూర్చుని, కలిపిన ముద్ద ఒక్కొక్కటి చేతిలో పెట్టారు. అమ్మ మూడు ముద్దలు తిని ఇక చాలంది. ఆవిడ బలవంతం చేయకుండా గిన్నెలు కడిగి క్యారేజీ సర్దుకున్నారు. అలాంటి ఇంట్లో వెళ్లొస్తానని చెప్పకూడదు కాబట్టి ఏమీ అనకుండానే గడప దాటారు. సాయంత్రం మళ్లీ అదే క్యారేజీతో వచ్చారు.