థిన్నరు పోస్తే రేసు కారైపోదు బాబూ

"లీటరుకి 160 పోసి 100 ఆక్టేన్ పెట్రోలు ఎందుకు దండగ? పది లీటర్లకి లీటరు థిన్నరు, నాలుగు కలరా ఉండలు, మూతెడు అసిటోన్ కలపండి. రేసింగ్ పెట్రోలు రెడీ. రీమ్యాప్ చేయించిన కార్లకి అమృతం!" (రీమ్యాప్ అంటే ఎక్కువ పవర్ కోసం ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం.) ఈ వారంలో ఈ మెసేజ్ నాకు రావడం ఐదోసారి. పంపినవాళ్లలో ఇద్దరు ఇంజనీర్లు.

మూతెడు అసిటోన్‌తో మంచీ జరగదు, చెడూ జరగదు. వదిలేద్దాం.

కలరా ఉండలు పెట్రోల్లో కరుగుతాయి, నిజమే. పెట్రోలు ఆవిరైపోతే వాటిలోని నాఫ్తలీన్ మళ్లీ గడ్డకడుతుంది కూడా. ఆ పని ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ మూతి దగ్గర జరిగితే బిల్లు మీదే. పైగా కొన్ని ఉండల్లో నాఫ్తలీనే ఉండదు, డైక్లోరోబెంజీన్ ఉంటుంది. అందులోని క్లోరిన్ మండితే యాసిడ్. చీరల మధ్య పెట్టుకోండి, చాలు.

అసలు ప్రమాదం థిన్నరుది. ఏ థిన్నరు స్వామీ? మెసేజ్‌లో ఆ ఒక్క ముక్కే లేదు. పెయింట్ల కొట్లో "థిన్నరు ఇవ్వు" అంటే ఎనామిల్‌కి కలిపే టర్పెంటైన్ చేతిలో పెట్టొచ్చు. అది కిరసనాయిలుకి అన్నదమ్ముల వరస, ఆక్టేన్‌ని, అంటే పెట్రోలు ఒత్తిడిని తట్టుకునే కొలతని, పెంచదు సరికదా దించుతుంది. మా బావ పోసింది అదే. రీమ్యాప్ చేసిన టర్బో కారు, ఔటర్ మీద మూడో గేరులో తొక్కాడు. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు. పెట్రోలు తనంతట తాను అంటుకుంటే వచ్చే చప్పుడది, 'నాక్' అంటారు. దాన్ని పసిగట్టే నాక్ సెన్సర్ స్పార్క్ టైమింగ్‌ని ఎంతని వెనక్కి లాగుతుంది పాపం? షెడ్డులో హెడ్ విప్పి పిస్టన్లు బయటికి తీస్తే, మూడోదానికి రింగుల మధ్య అంచు చిటికెన వేలి గోరంత ముక్క ఊడిపోయి ఉంది. 160 రూపాయలు మిగిలాయి కదా బావా!

ఇక్కడొకటి ఒప్పుకోవాలి. కొన్ని థిన్నర్లలో ఉండే టోలుయీన్ అనే ద్రావకం ఆక్టేన్‌ని నిజంగానే పెంచుతుంది. అసలైన టోలుయీన్ దొరికితే ఆ పద్ధతిలో తప్పులేదు. 1988లో హోండా ఫార్ములా వన్ టర్బో ఇంజన్ తాగిన ఇంధనంలో 84 శాతం టోలుయీనే. ఆ ఏడు 16 రేసుల్లో 15 మెక్‌లారెన్-హోండావే. కాకపోతే అది సరిగ్గా ఆవిరవడానికి వాళ్లు ఇంధనాన్ని ముందే వేడిచేసేవాళ్లు. మీ డిక్కీలో బాయిలరుందా?

లెక్కైనా చూడండి. బంకుల్లో ఇప్పుడు పోస్తున్న ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) ఆక్టేన్ 95. పది లీటర్లకి లీటరు టోలుయీన్ కలిపితే వచ్చేది 97 చిల్లర. 100 కావాలంటే దాదాపు రెండున్నర లీటర్లు పోయాలి. ఆ రెండున్నర లీటర్లనీ మినరల్ వాటర్ బాటిళ్లలో పట్టుకొచ్చి, అపార్ట్‌మెంట్ సెల్లారులో గరాటు పెట్టి పోస్తారు కాబోలు. ఫ్రిజ్‌లోంచి తీసినంత చల్లగా ఉన్నా దాని ఆవిరి నిప్పందుకుంటుంది. పక్కనే వాచ్‌మన్ బీడీ.

రీమ్యాప్ లేని కారుకైతే ఈ గోలంతా ఎందుకో నాకు అర్థం కాదు. ఆక్టేన్ అంటే బలం కాదు, ఒత్తిడికి తనంతట తాను అంటుకోకుండా ఆగే ఓర్పు. మామూలు ఇంజనుకి 95 చాలు.

బావ కారు ఇంకా షెడ్డులోనే ఉంది. నిన్న రాత్రి గ్రూపులో అదే మెసేజ్ మళ్లీ ప్రత్యక్షం. పంపింది బావే. కింద ఒక లైను చేర్చాడు: "థిన్నరు మంచి కంపెనీది వాడండి."