ఐమూల

మా బావమరిది ఇటలీలో, బొలోన్యా అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తాడు. మొన్న వాళ్ళింటికి వెళితే "టూరిస్టులకు తెలియని బొలోన్యా" అని ఫోన్‌కి ఒక లిస్టు పంపాడు. మొదటిది వియా పియెల్లా వీధిలో గోడకున్న చిన్న కిటికీ. రెక్క తీస్తే ఇళ్ళ మధ్య నుంచి పారే కాలువ కనిపిస్తుంది. ఎవరికీ తెలియని ఆ కిటికీ ముందు ముప్పై మంది క్యూ. నా వంతు వచ్చేసరికి వెనకావిడ సెల్ఫీ కర్ర నా చెవి పక్క నుంచి వెళ్ళి, నాకన్నా ముందే కాలువను చూసేసింది. అప్పటికే మోకాళ్ళు నావి కావు. ముందురోజు శాన్ లూకా గుడికని 666 కమానుల కింద కొండెక్కించాడు మహానుభావుడు.

రెండోది పియాజ్జా మజ్జోరె పక్కన, పొదెస్తా భవనం కింద ఉన్న వంపు కప్పు. నాలుగు మూలలు, పైన నలుగురు సెయింట్ల విగ్రహాలు. ఒక మూలలో గోడకు మొహం పెట్టి గుసగుసలాడితే మాట కప్పు వెంబడి పాకి అవతలి మూలలో దిగుతుంది. పూర్వం కుష్ఠురోగులు ఫాదర్‌కి దూరంగా నిలబడి ఇలాగే పాపాలు చెప్పుకునేవారట. "ఎదురు మూలలో ఒకరు నిలబడాలి" అని రాశాడు మావాడు. మా ఆవిడ బుద్ధిగా ఎదురు మూలకి వెళ్ళింది.

గోడకు మొహం పెట్టి నిలబడటం నాకు కొత్త కాదు. నాలుగో తరగతిలో పదమూడో ఎక్కం రాక వారం రోజులు నిలబడ్డాను. యాభై రెండేళ్ళ వయసులో, యూరోలు ఖర్చుపెట్టి నిలబడటం మాత్రం ఇదే మొదలు.

"వినపడుతోందా?" అన్నాను. జవాబు లేదు. వింటోందిలే అనుకున్నాను.

"మీ తమ్ముడి లిస్టు తగలెయ్య! ఆవకాయ రెండో సీసా వాడికివ్వకు. నా స్వెట్టర్లో చుట్టి నీలం పెట్టె అడుగున దాచాను. ఇంకా పది రోజులు ఈ పాస్తాతో మనం బతకాలి."

గోడ గొంతు సవరించుకుంది.

"అంకుల్, ఆంటీ పక్క మూలలో ఉన్నారండీ. ఐమూలగా నిలబడాలి."

పైనున్న సెయింటుకి తెలుగు వచ్చేమోనని ఒక్క క్షణం తలెత్తి చూశాను. వెనక్కి తిరిగితే ఐమూలగా ఇద్దరు కుర్రాళ్ళు, వీపున బ్యాగులు, మొహాన ఆపుకుంటున్న నవ్వు. ఐమూల! ఇంత చక్కటి మాట ఉండగా ఎదురు మూల అని రాయడానికి ఏం రోగం వాడికి?

మా ఆవిడ ఇంకా గోడతో చాలా సీరియస్‌గా మాట్లాడుతోంది. ఆవిడకి ఐమూలలో ఉన్న ఇటలీ ముసలాయన తలాడిస్తూ, మధ్యమధ్యలో నా వంక జాలిగా చూస్తున్నాడు. ఏం చెప్పిందో ఇప్పటికీ నాకు చెప్పలేదు.

ఇంతలో గోడ మళ్ళీ పలికింది. "అంకుల్, మీరు మా క్రికెట్ అన్న వాళ్ళ బావగారు కదూ?"

రాత్రి భోజనాలకి కూర్చునేసరికి ఆవకాయ రెండో సీసా బల్ల మీదుంది. నా స్వెట్టరు మడతపెట్టి కుర్చీ మీదుంది. ఎవరూ ఏమీ అనలేదు. మా బావమరిది మాత్రం నాలుగు ముద్దలు తిన్నాక, "రేపటికి ఇంకో లిస్టు రాశాను బావగారూ" అన్నాడు.