చచ్చిన పంది సర్కారుదైతే, బతికున్నప్పుడు ఎవరిది?

రాత్రి ఒంటిగంటకు ఇంటికొచ్చాను. నిద్ర పట్టలేదు, ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది, అందుకే పొద్దున్నే ఇది రాస్తున్నా. కొంచెం పెద్దదవుతుంది, ఓపిక చేసుకుని చదవండి.

నల్లమల అంచున మా ఊరు. నిన్న రాత్రి ఎనిమిదిన్నరకు బైక్ మీద వస్తుంటే ఊరి మలుపు దగ్గర అడవి పంది పడి ఉంది. ఏదో కారు గుద్ది ఆగకుండా పోయింది. పక్కన నారింజ రంగు ఇండికేటర్ ముక్కలు. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది, మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకునే ఉన్నాయి, ఒక కన్ను తెరిచి ఉంది, దాని నిండా దుమ్ము. ఆడది. చన్నులు పాలతో నిండి ఉన్నాయి, అంటే పిల్లలు అక్కడే ఏ కంచె చాటునో ఉన్నాయన్నమాట.

బండి ఆపి, సెల్ లైటు పట్టుకుని వచ్చే లారీలకు చెయ్యి ఊపుతూ నిలబడ్డా. పది నిమిషాలకు నలుగురు వచ్చారు. ఒకాయన చేతిలో కత్తి, ఇంకొకాయన చేతిలో ఖాళీ యూరియా బస్తా. పరాయివాళ్ళు కాదు, వరుసకు అన్నలే. "తమ్మీ, జర జరుగు. మనం సంపినమా ఏంది, దొరికింది" అన్నాడు పెద్దాయన.

ఇదే మాట ప్రతి ఊళ్ళో అంటారు. మనం చంపలేదు కాబట్టి మనది అని. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షన్ ఏమంటుందో ఒక్కరూ చెప్పరు. వేటాడి చంపిందే కాదు, చచ్చి దొరికినా, పొరపాటున చచ్చినా ఆ జంతువు ప్రభుత్వ ఆస్తి. చేతికి చిక్కితే 48 గంటల్లో దగ్గరలోని పోలీస్ స్టేషన్‌లోనో అధికారం ఉన్న ఆఫీసర్‌కో చెప్పి అప్పగించాలి. మాంసం అంటే పచ్చిదే కాదు, వండిన కూర కూడా చట్టం లెక్కలో మాంసమే. రక్తం, ఎముక, కొవ్వు, అన్నీ అందులోకే వస్తాయి. కోర తీసి పిల్లల మెడలో కట్టినా తప్పే. 2022 సవరణ తర్వాత మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చు. పందిని చట్టంలోంచి తీసేశారు కదా అని ఒకాయన వాదించాడు. తీసేయలేదు. 2015-16లో బీహార్, ఉత్తరాఖండ్‌లలో కొన్ని జిల్లాల వరకు, అదీ ఏడాది పాటు, కేంద్రం దాన్ని చీడ జంతువుగా ప్రకటించింది. ఆ వార్త పట్టుకుని ఇక్కడ కత్తులు నూరితే జైలుకు పోయేది మనమే.

నేను ఈ రూల్‌కు వ్యతిరేకం కాదు, ముందే చెప్తున్నా. నిన్న రాత్రే వాట్సాప్‌లో పెడితే అమెరికాలో ఉండే ఫ్రెండ్ ఒకడు, మాకు ఒరెగాన్‌లో కారు గుద్దిన జింకను పర్మిట్ తీసుకుని తినొచ్చు, మీ చట్టమే పాతది అన్నాడు. నిజమే, అక్కడ 2019 నుంచి ఉంది. 24 గంటల్లో పర్మిట్ తీసుకోవాలి, తల, కొమ్ములు వాళ్ళ శాఖకు అప్పగించాలి. కానీ రేపు మా దగ్గర రోడ్డు మీద చచ్చింది తినొచ్చు అన్నారనుకోండి. చేలల్లో కరెంటు తీగలకు, ఉచ్చులకు పడినవన్నీ తెల్లారేసరికి రోడ్డు మీదే తేలతాయి, అన్నిటికీ కారు గుద్దిందనే చెప్తారు. కాబట్టి చచ్చింది ఎవరికీ చెందకూడదు అనేది సరైన రూలే. అందుకే నిన్న కత్తికి అడ్డం నిలబడ్డా.

మరి ఆస్తి సర్కారుదైనప్పుడు సర్కారు వచ్చి తీసుకోవద్దా?

అటవీ శాఖకు ఫోన్ చేశా. రోడ్డుకు ఎడమ పక్కనా కుడి పక్కనా అని అడిగారు. ఎడమ పక్క ఒక బీట్ (ఒక్కో ఫారెస్ట్ గార్డు చూసుకునే ప్రాంతం) అట, కుడి పక్క ఇంకో బీట్ అట. పంది నడి రోడ్డు మీద పడి ఉంది, నేనేం చెప్పాలి? ఇంకో నంబర్ ఇచ్చారు, ఆయన మళ్ళీ మొదటి ఆయనకే చెయ్యమన్నాడు. మూడు గంటలు. ఆ మూడు గంటలూ యూరియా బస్తా పట్టుకున్నాయన గట్టు మీద కూర్చుని నన్నే చూస్తున్నాడు. చివరికి జీపు వచ్చింది. దిగగానే మొదటి మాట "నువ్వే గుద్దినవా?" నా బైక్ ముందు చక్రం ఫొటో తీశారు. ఆధార్ అడిగారు. నాన్న పేరు, కులం, పొలం ఎంత, అన్నీ రాసుకున్నారు. ఇండికేటర్ ముక్కలు చూపిస్తే అవి ఎందుకు అన్నారు. సార్, ఆ కారు ఎవరిదో వాటితోనే కదా తెలిసేది! గుద్దినవాడు ఈపాటికి ఇంట్లో అన్నం తిని పడుకున్నాడు, ఫోన్ చేసిన నేను నడి రోడ్డు మీద దొంగలా సంతకం పెడుతున్నా.

శ్రీశైలం వెళ్ళే అడవి దారులను రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూస్తారు, మంచి పని. కానీ గేటు మూసేలోపు అందుకోవాలని బయటి రోడ్ల మీద ఎనిమిదింటి నుంచి కార్లు ఎలా ఉరుకుతాయో మా మలుపు దగ్గర పది నిమిషాలు నిలబడితే తెలుస్తుంది. అక్కడ ఒక్క స్పీడ్ బ్రేకర్ లేదు, జంతువులు దాటే చోటు అని ఒక్క బోర్డు లేదు. పెంచ్ పులుల అభయారణ్యం దగ్గర 44వ నంబర్ హైవే కింద జంతువుల కోసం తొమ్మిది దారులు కట్టారు, పులులే వాటి కిందుగా నడుస్తున్నాయి. మేం అంత పెద్దవి అడగడం లేదు, రెండు స్పీడ్ బ్రేకర్లు చాలు.

అసలు నాకు మండింది ఇవన్నీ కాదు. రెండేళ్ళ కింద ఇవే పందులు మా ఎకరంపావు పల్లి చేను ఒక్క రాత్రిలో తిరగదోడాయి. కాయ పట్టే టైం. మా అమ్మ గట్టు మీద కూలబడి ఆ మట్టిని చేత్తో పిసుకుతూ ఉండిపోయింది. దరఖాస్తు పట్టుకుని పోతే, పందులే చేశాయని ఏం రుజువు, గిట్టల గుర్తుల ఫొటో ఉందా అన్నారు. ఆ మధ్యాహ్నమే వాన పడింది, గుర్తులు ఎక్కడుంటాయి? నాలుగుసార్లు తిరిగాను, రూపాయి రాలేదు. ఆ రోజు పంది ఎవరిదని అడిగితే ఒక్కరూ మాదే అనలేదు. నిన్న రాత్రి మాత్రం చచ్చిన పందిని చూపించి "ఇది గవర్నమెంట్ ప్రాపర్టీ, తెలుసా" అని నాకే చెప్పారు. తెలుసు సార్. తెలుసు కాబట్టే ఫోన్ చేశా. మా చేలో పడ్డప్పుడు కూడా అది మీదే అయ్యుండాలి కదా.

ప్రతి ఊరి మలుపులో ఒకే ఒక్క నంబర్ పెద్ద అక్షరాలతో రాయించండి. ఎత్తేవాడు బీట్ అడగకుండా రావాలి. ఫోన్ చేసినవాడిని ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వండి. లేకపోతే ఈసారి మా ఊళ్ళో ఎవడూ ఫోన్ చేయడు, బస్తా అయిదు నిమిషాల్లో నిండుతుంది. జీపు కదిలాక పెద్దాయన నాతో అన్నది కూడా అదే. "సూసినవా తమ్మీ, మంచికి పోతే ఏమైందో." నా దగ్గర జవాబు లేదు.

ఇందాక పాలకు పోతూ ఆ మలుపు దగ్గర ఆగాను. గట్టు మీద తడి మట్టిలో చిన్న చిన్న గిట్టల గుర్తులు, మూడో నాలుగో పిల్లలవి, చేనులోంచి రోడ్డు దాకా వచ్చి ఆ మరక చుట్టూ తిరిగి మళ్ళీ చేనులోకే పోయాయి. ఈసారి వాన పడకముందే ఫొటో తీసి పెట్టుకున్నాను.