మత్తు ఇచ్చే ముందు ఇంటిపేరు అడిగితే చాలదు

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్ వచ్చి నోరు బాగా తెరవమంటారు, కదిలే పళ్లున్నాయేమో చూస్తారు, ఉబ్బసం ఉందా అని అడుగుతారు. కొందరిని మరో మాట కూడా అడుగుతారు: ‘మీరు వైశ్యులా?’ ఆసుపత్రిలో కులం ప్రస్తావన ఎందుకని మనసు చివుక్కుమంటుంది. కానీ ఆ ప్రశ్న వెనక ఉన్నది వివక్ష కాదు, ఒక మందు గురించిన భయం.

ఆ మందు సక్సినైల్‌కోలిన్. ఆపరేషన్ థియేటర్లలో స్కోలిన్ అంటారు. శ్వాసనాళంలోకి గొట్టం వేయడానికి వీలుగా కండరాలను నిమిషంలో వదులు చేస్తుంది. మామూలుగా పది నిమిషాల్లో దాని ప్రభావం తీరిపోతుంది, ఎందుకంటే రక్తంలోని బ్యుటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని విరగ్గొట్టేస్తుంది. పుట్టుకతోనే ఆ ఎంజైమ్ లోపించినవారికి ఆ నిమిషాలు గంటలవుతాయి. ఊపిరి పీల్చుకోవడానికి తోడ్పడే కండరాలూ కదలవు కాబట్టి, శరీరం తేరుకునేదాకా వెంటిలేటర్ మీద ఉంచాలి. స్కోలిన్ కట్టేసేది కండరాలనే, స్పృహను కాదు. సంగతి గుర్తించక మత్తు ఆపేస్తే రోగికి మెలకువ వస్తుంది, చుట్టూ మాటలు వినిపిస్తాయి, రెప్ప మాత్రం ఎత్తలేరు. ఏ మనిషికీ రాకూడని స్థితి అది.

మన వైశ్యుల్లో ఈ లోపానికి కారణమైన ఒక జన్యుమార్పును పరిశోధకులు 2006లోనే ప్రచురించారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న 2017 నాటి అధ్యయనం, ఇతరులతో పోలిస్తే వైశ్యుల్లో ఈ లోపం సుమారు వంద రెట్లు ఎక్కువని చెప్పింది. తరతరాలుగా పెళ్లిళ్లు కులం లోపలే జరగడంతో, కొద్దిమంది పూర్వీకుల్లో ఉన్న మార్పు లక్షల మందిలోకి పాకింది. ఇది ఒక్క కులం కథ కాదు. ఆ అధ్యయనం పరిశీలించిన 263 దక్షిణాసియా సమూహాల్లో 81 సమూహాలకు ఇలాంటి గతమే ఉంది.

ఇంత తెలిసీ ఇంకా కులం, ఇంటిపేరు అడగడం దగ్గరే ఆగిపోవడం నాకు మింగుడుపడదు. వైశ్యుల్లో అత్యధికులకు ఈ లోపం లేదు. వైశ్యులు కానివారిలోనూ కొందరికి ఉంది. పైగా కాలేయ జబ్బు, గర్భం, పురుగుమందుల ప్రభావం కూడా ఈ ఎంజైమ్‌ను తగ్గిస్తాయి. పురుగుమందు తాగినవారికి చేసే, ఈ ఎంజైమ్‌నే కొలిచే కోలినెస్టరేజ్ రక్తపరీక్ష మన జిల్లా కేంద్రాల ల్యాబులకు కొత్తేమీ కాదు. ముందే నిర్ణయించిన ఆపరేషన్‌కు, అనుమానం ఉన్నచోట, అదే పరీక్ష చేయించడానికి అడ్డేమిటి? లోపం ఉందని తేలితే రోకురోనియం వంటి వేరే మందు వాడవచ్చు.

అంతకన్నా పెద్ద లోటు ఆపరేషన్ తర్వాత జరుగుతోంది. మెలకువ ఆలస్యమైన రోగికి, ‘మత్తు కాస్త ఎక్కువైంది’ అని చెప్పి ఇంటికి పంపితే అసలు రోగనిర్ధారణ అక్కడే పోయినట్టు. డిశ్చార్జి కాగితంలో మందు పేరు, ఏం జరిగింది, ఎంజైమ్ పరీక్ష ఫలితం తెలుగులో రాసివ్వాలి. ఆ కాగితం రోగికి ఎంత అవసరమో తోబుట్టువులకూ అంతే. పుట్టుకతో వచ్చిన లోపమైతే, అది తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చినదే కాబట్టి, ఒక్కో తోబుట్టువుకూ కనీసం నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది. వేరే ఊళ్లో ఉన్న చెల్లెలికి రేపు అర్ధరాత్రి హడావుడిగా సిజేరియన్ చేయాల్సి వస్తే, పూర్తి మత్తు ఇవ్వడానికి అక్కడి డాక్టర్ ముందుగా చేతిలోకి తీసుకునేది స్కోలినే కావచ్చు.