పరీక్ష పాసైనంత సులువుగా ప్రతిపాదన రాయగలమా?

మానవీయ శాస్త్రాల్లో పరిశోధన చేయదలచిన విద్యార్థికి మన దేశంలో ఫెలోషిప్ అనగానే ముందుగా గుర్తొచ్చేది జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్). 2023 జనవరి నుంచి తొలి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కింద 42,000 రూపాయలు ఇస్తున్నారు. ఇంటి అద్దె భత్యం అదనం. ఈ సొమ్ము ఎవరికి దక్కాలో తేల్చేది మూడు గంటల్లో 150 ఆబ్జెక్టివ్ ప్రశ్నలకు జవాబులు గుర్తించే యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నెట్ పరీక్ష. చదివినది గుర్తుందో లేదో చూడటానికి అది పనికొస్తుంది గాని, అభ్యర్థి దేనిపై పరిశోధన చేయాలనుకుంటున్నాడో, ఎందుకు చేయాలనుకుంటున్నాడో అందులో ఎక్కడా అడగరు. అందువల్ల ఎం.ఏ. అయ్యాక కొన్నేళ్లు కోచింగ్ మెటీరియల్‌తో గడిపిన విద్యార్థికి, ఒక ప్రశ్న వేసుకుని దాన్ని నాలుగు పేజీల్లో ఇతరులకు నచ్చజెప్పాల్సిన అవసరమే రాదు.

జేఆర్‌ఎఫ్ రాకపోతే మిగిలే దారులు తక్కువ. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ ఫెలోషిప్ లేని పీహెచ్‌డీ విద్యార్థులకిచ్చే నాన్-నెట్ ఫెలోషిప్ నెలకు 8,000 రూపాయల దగ్గరే ఏళ్ల తరబడి నిలిచిపోయింది. దాన్నీ ఎత్తేయాలని 2015లో యూజీసీ నిర్ణయించినప్పుడు ఢిల్లీలో విద్యార్థులు ఆ కార్యాలయం ముందే బైఠాయించాల్సి వచ్చింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల వారికి ఆ పథకంలో చోటే లేదు. 2018లో మొదలైన ప్రధానమంత్రి పరిశోధన ఫెలోషిప్ నెలకు 70,000 నుంచి 80,000 రూపాయల దాకా ఇస్తుంది గాని, అది సైన్సు, సాంకేతిక రంగాల వారికే.

మిగిలినవి ఐసీఎస్‌ఎస్‌ఆర్ (సామాజిక శాస్త్ర పరిశోధన మండలి), ఐసీహెచ్‌ఆర్ (చరిత్ర పరిశోధన మండలి) వంటి మండళ్ల ఫెలోషిప్‌లు, అమెరికాలో ఆరు నుంచి తొమ్మిది నెలలు పనిచేసే వీలు కల్పించే ఫుల్‌బ్రైట్-నెహ్రూ, బ్రిటన్‌కు పంపే చార్లెస్ వాలెస్ వంటివి. ఇవన్నీ పరిశోధన ప్రతిపాదనను అడుగుతాయి. మనవాళ్లు ఎక్కువగా వెనకబడేది ఇక్కడేనని నా అభిప్రాయం. ఆ లోపం తెలివితేటలది కాదు, అలవాటుది.

తెలుగు శాఖల్లో సినాప్సిస్, అంటే పరిశోధనకు ముందు సమర్పించే ప్రణాళిక, ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే. 'ఫలానా వారి నవలలు – సమగ్ర పరిశీలన' అన్న శీర్షిక, మొదటి అధ్యాయంలో రచయిత జీవిత విశేషాలు, చివర 'ఈ అంశంపై ఇంతవరకు ఎవరూ పరిశోధన చేయలేదు' అన్న వాక్యం. ఎవరూ చేయకపోవడం ఒక్కటే చేయడానికి కారణం కాజాలదు. పైగా దరఖాస్తు చదివే నిపుణుడు మొఘల్ చరిత్ర చదువుకున్నవాడో, కన్నడ సాహిత్యం బోధించేవాడో కావచ్చు. తెలుగు రచయిత గొప్పదనం ఎంత వర్ణించినా, తేలాల్సిన సంగతేమిటో తెలియకపోతే ఆయన ఆ కాగితాన్ని పక్కన పెట్టేస్తాడు.

ఒక ఉదాహరణ చూద్దాం. మద్రాసులో కేసరి కుటీరం అనే మందుల సంస్థ అధిపతి కె.ఎన్. కేసరి 1928లో 'గృహలక్ష్మి' అనే స్త్రీల మాసపత్రికను ప్రారంభించారు. ఆ కుటీరం అమ్మిన మందుల్లో స్త్రీలకు ఉద్దేశించిన 'లోధ్ర' బాగా పేరున్నది. 'గృహలక్ష్మి పత్రిక – స్త్రీ అభ్యుదయం' అని ప్రతిపాదన రాస్తే అది మరో సమగ్ర పరిశీలన అవుతుంది. స్త్రీల మందు అమ్మే వ్యాపారి నడిపిన పత్రికలో స్త్రీ శరీరం, ఆరోగ్యం, చదువు గురించి వచ్చిన రచనలపై ఆ వ్యాపారం నీడ ఎంతవరకు పడిందని అడిగితే, తెలుగు రాని చరిత్రకారుడికి కూడా అది తన రంగంలోని ప్రశ్నగానే కనిపిస్తుంది. ప్రకటనలను, వ్యాసాలను, పాఠకుల ఉత్తరాలను పక్కపక్కన పెట్టి చదవాలన్న పద్ధతి కూడా ఆ ప్రశ్నలోంచే పుడుతుంది.

ఆ తర్వాత చెప్పాల్సింది ఆకరాల సంగతి. ఏ సంచికలు వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో ఉన్నాయి, ఏవి చెన్నైలో వెతకాలి, ఒక్కోచోట ఎన్ని వారాలు ఉండాలి అన్న వివరాలు ముందే కనుక్కుని రాసిన దరఖాస్తుకు ఉండే బరువు వేరు. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో (ఆర్కైవ్స్‌లో) నిజాం కాలపు దస్తావేజులు చూస్తానని రాసేవాడు, తనకు పారసీ వచ్చా, గొలుసుకట్టుగా సాగే షికస్తా రాత చదవగలడా, రాకపోతే ఎవరి దగ్గర నేర్చుకుంటాడు అన్నది చెప్పకుండా వదిలేస్తే, అది పని మొదలుపెట్టనివాడి మాటగానే వినిపిస్తుంది.

సిఫారసు లేఖ గురించి ఒక మాట. 'నువ్వే రాసి పట్టుకురా, సంతకం పెడతా' అనే గైడు మనకు కొత్త కాదు. విద్యార్థి తన గురించి తానే రాసుకున్న పొగడ్త సొంత పొగడ్తలాగే ఉంటుంది. ఎంపిక చేసేవారికి దాన్ని గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు.

నెపమంతా విద్యార్థుల మీదకు నెట్టడం కూడా అన్యాయమే. జేఆర్‌ఎఫ్ వచ్చినవారికి సైతం మానవీయ శాస్త్రాల్లో తొలి రెండేళ్లు ఏడాదికి దక్కే కాంటింజెన్సీ (పరిశోధన తాలూకు ఇతర ఖర్చులకిచ్చే సొమ్ము) 10,000 రూపాయలు; తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తెలుగు ప్రతులు చూడటానికి ఒక నెల బస చేస్తే అది ఎన్నాళ్లొస్తుంది? డబ్బు సమయానికి పడకపోవడం మరో బాధ. 2016 జనవరిలో ప్రాణం తీసుకున్న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల, తనకు ఏడు నెలల ఫెలోషిప్ కింద 1,75,000 రూపాయలు రావాల్సి ఉందని చివరి లేఖలో రాశాడు. ఆ వాక్యం చదివాక కూడా చెల్లింపుల జాప్యాన్ని గుమాస్తా స్థాయి సమస్యగా చూడటం సిగ్గుచేటు.

అయినా విశ్వవిద్యాలయాలు తమ పరిధిలో చేయగలిగిన పని ఒకటుంది. 2009 యూజీసీ నిబంధనల నుంచి పీహెచ్‌డీకి కోర్స్‌వర్క్, అంటే పరిశోధనకు ముందు చదివి పాసవ్వాల్సిన పేపర్లు, తప్పనిసరి. పరిశోధన పద్ధతుల పేపరులో నిర్వచనాలు వల్లె వేయించే బదులు, ఆ ఏడాది ప్రకటన వెలువడిన ఏదో ఒక నిజమైన ఫెలోషిప్‌కు ప్రతి విద్యార్థి చేతా దరఖాస్తు రాయించి, వేరే శాఖ అధ్యాపకుడితో దిద్దించి, దానికే మార్కులు వేయవచ్చు. గతంలో ఎంపికైన ప్రతిపాదనలను, రాసినవారి అనుమతితో, శాఖా గ్రంథాలయంలో ఉంచవచ్చు. ఇందుకు కొత్త నిధులేమీ అక్కర్లేదు, పాఠ్యప్రణాళిక సంఘం ఒకసారి కూర్చుంటే చాలు.