నీళ్ల మీద ఇంత అనుమానమా?

మంట కనబడగానే నీళ్లు పోయడం మనకు ఒకరు నేర్పిన విద్య కాదు, ఉగ్గుపాలతో వచ్చింది. అంతటి సంప్రదాయానికి కెమిస్ట్రీ వాళ్లు ఎసరు పెడుతుంటే చూస్తూ ఊరుకోలేక నీళ్ల తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నాను.

వాళ్ల అభియోగం ఏమిటంటే, సోడియం మీద నీళ్లు పడితే హైడ్రోజన్ పుట్టి, ఆ వేడికే అంటుకుంటుందట. పారిన నీళ్లేమో కాస్టిక్ సోడాను మోసుకుని కాళ్ల కిందికి వస్తాయట. కాల్షియం కార్బైడ్ తడిస్తే వచ్చే అసిటిలీన్, గాలిలో 2.5 శాతం ఉన్నా 80 శాతం ఉన్నా నిప్పురవ్వకు పేలుతుందట. అల్యూమినియం ఫాస్ఫైడ్‌కు నీళ్లు కూడా అక్కర్లేదు, గాలిలో తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతుంది. ఇంత ముక్కోపి సరుకును లారీలెక్కించి ఊరేగించి, నింద నీళ్ల మీద వేస్తే ఎలా? ఇక 'అగ్నికి ఆజ్యం పోసినట్టు' అన్న సామెతలో ఆజ్యం కొట్టేసి నీళ్లు అని రాసుకోవాలి కాబోలు.

(1984 డిసెంబరు రాత్రి భోపాల్ పురుగుమందుల ఫ్యాక్టరీలో 610 నంబరు ట్యాంకులోకి చేరి విషవాయువు లేపిన నీళ్ల సంగతి మాత్రం ఇక్కడ ఎత్తను. ఆ కేసులో నేను వకీలును కాను.)

పైగా నీళ్లు తగిలితే ప్రమాదమని బోర్డులు పెట్టామంటారు. ట్యాంకరు మీద నీలం డైమండు, అందులో మంట బొమ్మ, కింద 4. నీలం చూస్తే ఎవరికైనా నీళ్లే కదా గుర్తొచ్చేది? కొన్ని దేశాల్లో నారింజ రంగు పలక మీద పైన ఎక్స్423 అనీ, కింద 1428 అనీ ఉంటుంది. కింద ఉన్నది సోడియం నంబరు. పైన ఎక్స్ ఉంటే నీళ్లు తగలనివ్వొద్దని అర్థమట. మంటల వెలుగులో ఆల్జీబ్రా చదవమంటున్నారు! గోడౌన్ గోడ మీదైతే డబ్ల్యూ రాసి దాని మీద అడ్డగీత. పెయింటరు తప్పు రాసి కొట్టేశాడనే నేను ఇన్నాళ్లూ అనుకున్నాను.

అసలు బాధ ఇంకొకటి ఉంది. ఉత్తర అమెరికా ఫైర్ సిబ్బంది వాడే అత్యవసర గైడ్‌బుక్కులో సోడియం, కార్బైడ్ లాంటి సరుకు కోసం 138 నంబరు గైడ్ ఉంది. నీళ్లు వద్దు, నురుగు వద్దు, పొడి ఇసుకో, సోడా యాషో, సున్నమో చల్లు. మంట మరీ పెద్దదైతే? వెనక్కి జరిగి కాలనివ్వు! ట్యాంకరే తగలబడుతుంటే నలువైపులా 800 మీటర్లు ఖాళీ చేయించు. ఇదొక పనా? సైరన్ మోగించుకుంటూ వచ్చిన ఫైరింజన్, అరకిలోమీటరుకు పైగా అవతల చేతులు కట్టుకుని నిలబడాలా? కెమెరాలకు ఏం చూపిస్తారు? "ఏం చర్య తీసుకున్నారు?" అని పైవాళ్లు అడిగితే, "గాలి వాటం చూసుకుని నిలబడ్డాం సార్" అని రాసివ్వాలా? పైపు పట్టుకుని పేల్చినవాడికి శౌర్య పతకం వస్తుంది, పట్టుకోకుండా ఊరిని కాపాడినవాడికి మెమో వస్తుంది. పరిపాలన తెలిసిన మనిషి ఏది ఎంచుకుంటాడో చెప్పక్కర్లేదు.

వాళ్లు చెప్పే పొడి ఇసుక మా గోడౌనులోనూ ఉంది. ఎర్ర బకెట్లలో, చూరు కింద, వాన పడే చోట. నాలుగింట్లో సిగరెట్ పీకలున్నాయి, ఒకదాంట్లో మొక్క మొలిచింది. తడి ఇసుక వేస్తే నీళ్లు పోసినట్టేనని తనిఖీకి వచ్చినవాడు గొణిగాడు. పచ్చదనం అంటే గిట్టని మనుషులు.

అన్నట్టు అదే గైడ్‌బుక్కు, ఒంటి మీద పడితే ముందు తుడిచెయ్యమనీ, తర్వాత కనీసం 20 నిమిషాలు పారే నీళ్లతో కడగమనీ అంటుంది. చూశారా, చివరికి ఎవరి కాళ్లు పట్టుకున్నారో!

అయినా నేను మొండివాణ్ని కాను. ఆ తనిఖీవాడే వెళ్తూ వెళ్తూ, కార్బైడ్ డ్రమ్ముల మీద దుమ్ము పేరుకుని నీలం డైమండు కనబడటం లేదని రాసిపోయాడు. న్యాయమైన మాటే. వెంటనే మనిషిని పంపాను, శుభ్రంగా కడిగి రమ్మని. పైపు తీసుకుని ఇప్పుడే వెళ్లాడు.