ముందస్తు బుకింగ్ తగ్గింపు ఎందుకిస్తారు?

కొత్త ఫోన్ విడుదల తేదీ ఖరారైతే చాలు, ముందే బుక్ చేసుకునేవారికి ఆఫర్ల వాన మొదలవుతుంది. 256 జీబీ ధరకే 512 జీబీ ఫోన్, పాత ఫోన్ ఇస్తే అదనపు ఎక్స్ఛేంజ్ బోనస్, ఫలానా బ్యాంకు కార్డుకు క్యాష్‌బ్యాక్. జనం ఇంకా చేత్తో పట్టుకుని చూడని వస్తువు మీద ఇంత తగ్గింపు ఎందుకో కొనేవారు తెలుసుకుని తీరాలి.

చిప్‌లు, డిస్‌ప్లేలు, కెమెరా భాగాలకు ఆర్డర్లు నెలల ముందే పెట్టాలి. ఏ మోడల్, ఏ రంగు ఎన్ని పోతాయన్న అంచనా తప్పితే మిగిలిన సరుకు గోదాములో ఉంటూనే విలువ కోల్పోతుంది. సరుకు చాలకపోతే కొనేవారు పక్క కంపెనీకి వెళ్లిపోతారు. ముందస్తు బుకింగ్‌తో ఈ టెన్షన్ చాలావరకు తీరుతుంది. పైగా బుకింగ్‌ల సంఖ్యే మరో ప్రకటన అవుతుంది. 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24 ఫోన్లకు మన దేశంలో మూడు రోజుల్లోనే 2.5 లక్షల బుకింగ్‌లు వచ్చాయని శాంసంగ్ చెప్పుకుంది. ఆ అంకె చూసి ఇంకొందరు కొంటారు.

ధర తగ్గించకుండా స్టోరేజీ పెంచడంలోనూ లెక్క ఉంది. ఒకసారి ధర తగ్గిస్తే జనం మనసులో అదే అసలు ధరగా నిలిచిపోతుంది, మళ్లీ పెంచడం కష్టం. ఇక ఎక్కువ స్టోరేజీకి మన దగ్గర తీసుకునే అదనపు సొమ్ము సాధారణంగా ఆ మెమరీకి కంపెనీ పెట్టే ఖర్చు కంటే బాగా ఎక్కువే.

చిన్న కంపెనీలకైతే మనం ముందుగా కట్టే డబ్బే పెట్టుబడి. అమెరికాలో 2012లో పెబుల్ స్మార్ట్‌వాచ్ తయారీకి, జనం నుంచి ముందుగా డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్ వెబ్‌సైట్‌లో లక్ష డాలర్లు అడిగితే కోటి డాలర్లకు పైగా వచ్చాయి. మొదటి 200 మందికి వాచీ 99 డాలర్లు, తర్వాతివారికి 115. మార్కెట్లోకి వచ్చాక 150 పైనే ఉంటుందన్నారు. అందరికంటే ముందు నమ్మినవారికే ఎక్కువ తగ్గింపు. సెప్టెంబరులో పంపుతామన్న వాచీలు 2013 జనవరిలో గానీ కదల్లేదు. 2016లో మళ్లీ కొత్త మోడళ్లకు డబ్బు తీసుకున్నాక ఆ కంపెనీయే మూతపడింది. రెండు మోడళ్లను రద్దు చేసి సొమ్ము వాపసు చేయాల్సి వచ్చింది.

ఆలస్యం, లోపం, రద్దు. వీటన్నిటి రిస్కునూ ముందుగా బుక్ చేసినవారే మోస్తారు. తగ్గింపు అందుకు ప్రతిఫలం. దాన్ని మేము తప్పుపట్టడం లేదు. మా అభ్యంతరమల్లా గడువు మీదే. బ్యాటరీ ఎంతసేపు వస్తుందో, ఫోన్ వేడెక్కుతుందో లేదో స్వతంత్రంగా పరీక్షించినవారు చెప్పేలోపే చాలా ఆఫర్లు ముగిసిపోతాయి. ఈఎంఐ మీద కొనే విద్యార్థి, చిరుద్యోగి ఆ తొందరలో తీసుకున్న నిర్ణయానికి ఏడాది పొడవునా వాయిదాలు కట్టాలి. అదే ఫోన్ దసరా, దీపావళి అమ్మకాల్లో అంతకంటే తక్కువకు దొరికే సందర్భాలూ ఉన్నాయి.

అందుకే మేము కోరే నిబంధనలివి. వస్తువు పంపేదాకా కొనుగోలుదారు ఎప్పుడు వద్దన్నా పూర్తి సొమ్ము తిరిగివ్వాలి. డెలివరీ తేదీని రాసివ్వాలి, అది దాటితే పరిహారం కట్టాలి. బుకింగ్ సొమ్మును విడి ఖాతాలో ఉంచాలి. ఫోన్ మీద సమీక్షలు వెలువడ్డాక కనీసం వారం రోజులు ఆఫర్ కొనసాగాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు మార్గదర్శకాలు జారీ చేసే అధికారం ఉంది. ముందస్తు బుకింగ్‌ల విషయంలో దాన్ని వాడాలని కోరుతున్నాం. ఈలోగా డబ్బు కట్టి ఇబ్బంది పడుతున్నవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే ఫిర్యాదు చేయవచ్చు.